పుర్రచేతి పునీతుడు

ఇన్నయ్యపాలెం, గుంటూరు జిల్లా
6 సెప్టెంబరు 1998, ఆదివారం

ప్రియమైన నసీమున్నీసాకు,

మా ఆయన పోయినప్పుడు నువ్వు రాసిన ఉత్తరానికే ఇంకా జవాబు రాయలేదు. నాలుగేళ్లయింది. మొదట ఏం రాయాలో తెలియక రాయలేదు. ఆ తర్వాత ఇన్నాళ్లు రాయలేదే అన్న సిగ్గుతో రాయలేదు. ఇప్పుడు పెన్ను పట్టుకున్నది ఒక పటం వల్ల. దాన్ని గురించి అడగడానికి మా ఊళ్లో మనిషి లేడు. మీ ఆయన ఖాదర్ అన్నయ్య ఇత్తడి ముద్రలు చెక్కే మనిషి కదా, ఆయనకు తెలుస్తుందేమోనని ఆశ.

మా ఆయన ఊరి చర్చిలో ఉపదేశిగా ఉన్న రోజుల నుంచి గుడి తాళాలు మా ఇంట్లోనే ఉన్నాయి. స్వామి నెలకు రెండు ఆదివారాలు వచ్చి పూజ చేసి వెళతారు. మిగతా రోజుల్లో ఊడ్చేది, దీపం పెట్టేది, సాయంత్రం ఆడవాళ్లతో జపమాల చెప్పించేది నేనే. పూజవస్త్రాల గదిలో ఒక పటం ఉంది. అరవై ఏళ్ల కిందట ఇక్కడే కన్నుమూసిన దొర స్వామి తన దేశం నుంచి తెచ్చుకున్నది. పునీత జెరోము గారు బల్ల ముందు కూర్చుని వేదగ్రంథాన్ని తర్జుమా చేస్తున్నట్టు ఉంటుంది. రంగులు లేవు. అంతా నల్లగీతలే, వెంట్రుకంత సన్నవి.

ఇన్నేళ్లు దుమ్ము దులిపానే గాని చూడలేదు నసీం. మొన్న మరియతల్లి పండక్కి గదికి సున్నం వేస్తూ పటాన్ని వరండాలో పెట్టాం. వెలుతురులో చూస్తే భయమేసింది. మనిషి అలా కూర్చోలేడు. నడుము ఒకవైపు, భుజాలు ఒకవైపు, తల ఇంకోవైపు మెలి తిరిగి ఉంటాయి. దేహం పెద్దది, తల చిన్నది. వేళ్లు పండుమిరపకాయల్లా పొడుగ్గా, కొసల్లో వంకరగా ఉంటాయి. బల్ల కింద సింహం పడుకుని ఉంది, దాని కళ్లు మనిషి కళ్లు. బల్ల మీద ఇసుక గడియారం, పుర్రె. పునీతుడి కుడి చెయ్యి పుర్రె మీద ఉంది. రాస్తున్నది ఎడమ చేత్తో.

పండక్కి వచ్చిన ఆడవాళ్లంతా చూశారు. ఆ వారమే పత్తిచేలో మందు కొడుతూ కోటేష్ అనే కూలిమనిషి పడిపోయి చనిపోయాడు. ఈ ఏడు పచ్చపురుగు విపరీతంగా ఉంది, ఒక మందు పనిచేయక రెండు మూడు కలిపి కొడుతున్నారు. పటం బయటికి తీసినందుకే ఇలా అయిందని కొందరు అంటున్నారు.

ఇంకో సంగతి. మా సబ్‌సెంటరుకు మాధురి అని కొత్త నర్సమ్మ వచ్చింది. ఒంగోలు వైపు పిల్ల. ఆమెదీ ఎడమ చెయ్యే, పుర్రచేతి వాటం. కోటేష్‌కు ఆఖరి సూది వేసింది ఆమే.

పునీతుడు ఎడమ చేత్తో రాయడం ఏమిటో, దాని అర్థం ఏమిటో అన్నయ్యను అడిగి రాయి.

నీ
సంతోషకుమారి

సింగరాయకొండ
14 సెప్టెంబరు

ఒసేయ్ సంతోషం,

నాలుగేళ్లకు రాసి, నేనెలా ఉన్నానని ఒక్క మాట అడగలేదు చూడు. బాగానే ఉన్నాను. మోకాళ్లు లేవు, నోరు ఉంది.

మీ అన్నయ్యకు నీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. వెంట్రుకంత గీతలు అనగానే చేతిలో ముద్ర పక్కన పెట్టాడు. "అది బొమ్మ గీసింది కాదు, రాగిరేకు మీద కోసి అచ్చు వేసింది," అన్నాడు. ఆ మెలికలకు భయపడొద్దంట. "పనివాడికి పొగరు ఎక్కువైతే అలాగే కోస్తాడు. నిటారుగా ఉన్న చెయ్యి ఎవడైనా కోస్తాడు, మెలి తిరిగిన చెయ్యి కోసి చూపించడమే గొప్ప. అది పునీతుడి బాధ కాదు, కోసినవాడి షోకు," అన్నాడు. గీత ఒకచోట లావుగా మొదలై, మధ్యలో తెగకుండా సన్నబడుతుందా అని అడుగుతున్నాడు. పటం కింద అక్షరాలు ఏమైనా ఉన్నాయా? ఉంటే ఉన్నవి ఉన్నట్టు దించి పంపు. అవి చూసి ఎడమ చేతి సంగతి చెబుతాడంట.

నా సంగతి నేను చెబుతాను. ఎడమ చెయ్యి అంటే భయమెందుకే నీకు? నాది ఏ చెయ్యి? ఏడో తరగతిలో లెక్కల టీచరు స్కేలు అంచుతో నా వేళ్ల మీద కొడితే వారం రోజులు నా నోట్సు రాసిపెట్టింది ఎవరు? కుడి చేత్తో రాయడం రాక నేను ఏడుస్తుంటే, "దేవుడు రెండు చేతులూ ఇచ్చాడు గదా నసీం" అన్నది ఎవరు?

ఆ నర్సు పిల్ల జాగ్రత్త. నువ్వు ఆమె గురించి రాసిన తీరు నాకు నచ్చలేదు.

నసీమున్నీసా

ఇన్నయ్యపాలెం
24 సెప్టెంబరు

ప్రియమైన నసీంకు,

నీ వేళ్లు నాకు గుర్తున్నాయి. అందుకే ఈ ఉత్తరం రాయడం కష్టంగా ఉంది.

అన్నయ్య చెప్పినట్టే గీతలు లావు నుంచి సన్నబడుతున్నాయి. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో ఉంది, భాష వేరు. దించి ఈ కాగితం వెనక రాశాను. చివరి మాటలో ఎన్ అక్షరం ఒకటి తిరగబడి ఉంది. నా తప్పు కాదు, పటంలోనే అలా ఉంది. ఇక్కడ దాన్ని చూసి కూడా భయపడుతున్నారు.

నీకు చెప్పనిది ఒకటుంది. దొర స్వామి నోటుపుస్తకం గుడి పెట్టెలో ఉంది. ఆయన తెలుగు నేర్చుకుని తెలుగులోనే రాసుకున్నారు. పటాల పేజీలో దీని గురించి ఒక్క వాక్యం ఉంది: "పుర్రచేత పని చేయువానిని చూడుము. మరణమును తలచుము."

ఇది నేను చదివాను. జపమాల అయ్యాక ఆడవాళ్లు పటం సంగతి అడిగితే, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. అంతే నేను చేసింది. "అయితే మన నర్సమ్మే గదా" అని ఎవరో అన్నారు. నాకు గట్టిగా మాట్లాడే అలవాటు లేదని నీకు తెలుసు, ఆ గోలలో నా మాట ఎవరు వింటారు.

ఇప్పుడు సబ్‌సెంటరుకు ఎవరూ వెళ్లడం లేదు. పిల్లలకు టీకాల రోజున మాధురి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఒక్కరూ రాలేదు. ఎవరో ఆమె గుమ్మానికి ఎండుమిరపకాయలు, పుర్రె బొమ్మ ఉన్న పురుగుమందు డబ్బా కలిపి కట్టి వేలాడదీశారు. ఆమె డబ్బా విప్పి, కడిగి, కుండీలా చేసి తులసి నాటింది. అది చూసి ఇంకా భయపడ్డారు.

మొన్న సోమవారం ఇంకొకతను చేలో పడిపోయాడు. సబ్‌సెంటరు ముందు నుంచే ట్రాక్టరు మీద పట్నం తీసుకెళ్లారు. దారిలో పోయాడు. ఇద్దరయ్యారు.

మా తమ్ముడు శౌరయ్యకు నాలుగెకరాల పత్తి ఉంది. రోజూ మందు కొడుతున్నాడు. మొహానికి గుడ్డ కట్టుకోరా అంటే, "ఊపిరాడదక్కా, నువ్వు జపం చేసుకో, నేను మందు కొట్టుకుంటాను, ఎవరి పని వాళ్లది" అంటాడు. మా మరదలు ఇన్నాసమ్మ అతని చొక్కా లోపల సిలువ కుట్టింది.

ఎడమ చేతి అర్థం త్వరగా రాయి. మంచి అర్థమైతే బాగుండును.

సంతోషకుమారి

సింగరాయకొండ
1 అక్టోబరు, గురువారం

సంతోషం,

ఈ ఉత్తరం రాసి నేనే పోస్టాఫీసుకు వెళ్లి వేస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

ముద్ర అంటే తిరగేసి కోయాలి. మీ అన్నయ్య నలభై ఏళ్లుగా చేస్తున్న పనే అది. ఇత్తడి మీద ఎడమవైపు కోసింది కాగితం మీద కుడివైపు పడుతుంది. ఆ పటం కోసినవాడు రాగిరేకు మీద కుడి చేత్తో రాసే పునీతుడినే కోశాడు. అచ్చు వేసేసరికి ఎడమ చేత్తో రాసేవాడయ్యాడు. అంతే. అందులో దేవుడి మాట లేదు, దయ్యం మాట లేదు.

నీకు సాక్ష్యం కావాలంటే ఆ తిరగబడిన ఎన్ అక్షరమే సాక్ష్యం. దాన్ని చూసి మీ అన్నయ్య పగలబడి నవ్వాడు. "బొమ్మను తిరగేయకపోయినా ఫరవాలేదు గాని అక్షరాలు తిరగేసి కొయ్యాలి, లేకపోతే చదవలేం. పాపం, అన్నీ తిరగేసి ఆ ఒక్కటి మర్చిపోయాడు. పని నేర్చుకునేటప్పుడు నేనూ ఆ తప్పుకే మా నాన్న చేత చెంపదెబ్బ తిన్నాను," అన్నాడు. మీ ఇంట్లో అద్దం తీసుకెళ్లి పటానికి ఎదురుగా పట్టు. పునీతుడు కుడి చేత్తో రాస్తూ కనిపిస్తాడు, ఎన్ కూడా సరిగ్గా ఉంటుంది.

ఇక దొర స్వామి వాక్యం. ఇది నా బుర్రకు తట్టింది, మీ అన్నయ్యకు కాదు. ఆయన తెలుగు నేర్చుకున్న మనిషి అన్నావు. పుస్తకంలో గొర్రె అనే మాట తప్పకుండా ఉంటుంది, మీ వాళ్లు గొర్రెల కాపరి లేకుండా రెండు పేజీలు రాయలేరు. ఆ గొర్రెను ఎలా రాశాడో చూడు. పండగ ఎలా రాశాడో చూడు. "పుర్రె చెంత పని చేయువానిని చూడుము, మరణమును తలచుము" అని రాయబోయాడేమో. పుర్రె పక్కన పెట్టుకుని పని చేసుకునేవాడిని చూసి చావును గుర్తుంచుకోమని. ఎంత మంచి మాట! ఒక ఎత్వం, ఒక సున్న పోయి ఒక దీర్ఘం వచ్చి పడితే అదే మాట నా చెయ్యి అయింది, ఆ పిల్ల చెయ్యి అయింది.

ఇది అందిన రోజే అందరిలో చెప్పు. ఆదివారం దాకా ఆగకు. స్వామి వచ్చాక చెబుతాననకు. అద్దం పట్టుకుని వెళ్లి చూపించు.

నసీమున్నీసా

ఇన్నయ్యపాలెం
19 అక్టోబరు

నసీంకు,

మా తమ్ముడు శౌరయ్య పదో తేదీ శనివారం చనిపోయాడు. చేలో పడిపోయాడు. పట్నం చేరేలోపే పోయాడు. ఆదివారం సమాధి చేశాం.

నీ ఉత్తరం పన్నెండో తేదీ సోమవారం అందింది. ఈమధ్య పోస్టు ఆలస్యమవుతోంది. ముందే అంది ఉంటే బాగుండేది. దేవుని చిత్తం.

అన్నయ్యకు నా నమస్కారాలు చెప్పు.

సంతోషకుమారి

సింగరాయకొండ
27 అక్టోబరు

సంతోషం,

శౌరయ్య నిక్కరు వేసుకుని మన హాస్టలు గేటు దగ్గరికి నీకు జంతికలు తెచ్చి ఇచ్చేవాడు. సగం దారిలోనే తినేసి, "అమ్మ ఇన్నే ఇచ్చింది" అనేవాడు. ఆ ముఖమే నా కళ్ల ముందు ఉంది. నీకేం చెప్పను. మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి సరిగా వెలగలేదు.

ఇంకొకటి రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. మా ఊరి నుంచి మీ ఊరికి ఉత్తరం మూడు రోజులు, మహా అయితే నాలుగు. నేను ఒకటో తేదీన వేశాను. పోస్టు ఆలస్యమైందేమో. అయి ఉండొచ్చు. నిన్ను నేను ఏమీ అడగడం లేదు.

కాకపోతే ఉత్తరం చేరినరోజు మీ పోస్టాఫీసు వాళ్లు కవరు వెనక తారీకు ముద్ర వేస్తారు. అలాంటి ముద్రలు మీ అన్నయ్య కూడా కోశాడు. "ముద్ర తిరగబడి ఉంటుంది, కాని చెప్పేది నిటారుగా చెబుతుంది" అంటాడు. ఆ కవరు నీ దగ్గరే ఉంటుంది. నువ్వే చూసుకో.

ఆ పిల్ల ఇంకా అక్కడే ఉందా?

నీ నసీం

ఇన్నయ్యపాలెం
7 నవంబరు 1998, శనివారం

నసీం,

కవరు నా ఎదురుగానే ఉంది. వెనక ముద్ర మీద అయిదు అని ఉంది. అక్టోబరు అయిదు, సోమవారం.

ఆ సోమవారం పదకొండు గంటలకు పోస్టుమ్యాన్ ఇచ్చాడు. వెంటనే చదివాను. అద్దం తీసుకుని గుడికి వెళ్లాను. పటానికి ఎదురుగా పట్టుకుంటే పునీతుడు కుడి చేత్తో రాస్తున్నాడు. ఆ మెలికలన్నీ అలాగే ఉన్నాయి, భయం మాత్రం లేదు. పని చేసుకుంటున్న ముసలాయన ఒకరు, అంతే. నోటుపుస్తకం తీశాను. "మంచి గొర్రల కాపరి" అని రాశారు. పండుగను "పడుగ" అని, చెరువును "చేరువు" అని రాశారు. పేజీ పేజీకీ ఉంది. చిన్నప్పుడు ఆ పుస్తకం చూసి మేమంతా నవ్వుకున్నామని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

అక్టోబరు జపమాల నెల. రోజూ సాయంత్రం ముప్పై మంది ఆడవాళ్లు నా ఎదురుగా కూర్చుంటారు. సోమవారం చెప్పలేదు. మంగళవారం అద్దం చీరకొంగులో పెట్టుకుని వెళ్లి అలాగే తెచ్చేశాను. బుధవారం, గురువారం, శుక్రవారం. అయిదు సాయంత్రాలు నసీం. ఆదివారం స్వామి వస్తారు, ఆయన చేత చెప్పిస్తే గౌరవంగా ఉంటుంది అనుకున్నాను. నువ్వు వద్దన్న మాటే అది.

ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. "అయితే మన నర్సమ్మే గదా" అన్నది ఎవరో కాదు. నేనే. మెల్లగా అన్నాను. నేను ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతాను. అందుకే ఈ ఊళ్లో నా మాట నమ్ముతారు. గట్టిగా అరిచేదాని మాటైతే రెండు రోజుల్లో మరచిపోయేవాళ్లు.

అలా ఎందుకు అన్నానంటే, మాధురి రాక ముందు పిల్లలకు జ్వరమొస్తే నా దగ్గరకు తెచ్చేవాళ్లు. నుదుటికి నూనె రాసి ప్రార్థన చేసేదాన్ని. ఆమె వచ్చాక తేవడం మానేశారు. నాకు అది కష్టంగా ఉందని నాకే తెలియదు. పటం చూపించి ఆ మాట అన్నాక రెండో రోజే ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని నా గుమ్మంలోకి వచ్చింది. నేను సంతోషించాను. నా పేరుకు తగినట్టే.

శనివారం సంగతి చెబుతాను. పొద్దున పదకొండింటికి శౌరయ్యను నులకమంచం మీద మోసుకొచ్చారు. నోటి నుంచి నురగ, కళ్లలో నల్లగుడ్లు ఆవగింజంత అయిపోయాయి. సబ్‌సెంటరు నలభై అడుగుల దూరం. పెద్ద డాక్టరు గారు ఈ సీజను కోసం ఇచ్చి వెళ్లిన విరుగుడు సూది సిద్ధం చేసుకుని మాధురి పరుగెత్తుకొచ్చింది. ఇన్నాసమ్మ మంచానికి అడ్డంగా పడుకుంది.

"ఆ చేత్తో వద్దు. నీకు దణ్ణం పెడతాను, ఆ చేత్తో నా మనిషిని ముట్టుకోవద్దు," అంది.

మాధురి సూదిని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది. "కుడి చేత్తోనే ఇస్తానమ్మా. ఇదిగో, కుడి చెయ్యే. ఆ చొక్కా కాస్త పైకి పట్టుకోండి చాలు," అంది. అలవాటు లేని చెయ్యి, వణికింది. ఆ వణుకు చూసి జనం ఇంకా వెనక్కి లాగారు. "చూశారా, పునీతుడే ఆపుతున్నాడు," అన్నారు వెనక నుంచి.

అప్పుడు ఇన్నాసమ్మ నా వైపు చూసింది. "వదినా, నువ్వు చెప్పు," అంది. "నీకు తెలుసు గదా, నువ్వు చెప్పు."

అందరూ ఆగారు. మాధురి కూడా నన్నే చూసింది. నీ ఉత్తరం నా జాకెట్టులోనే ఉంది. "ఇవ్వనీ" అని మూడక్షరాల మాట అంటే చాలు. అంటే ఇన్నాళ్లు ఎందుకన్నావు అలా అని అడుగుతారు. నేను కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ చిత్తం" అన్నాను. వాళ్లకు అది జవాబు అయింది. ట్రాక్టరు ఎక్కించారు.

ఇదంతా నీకు అబద్ధం రాసిన చేత్తోనే రాస్తున్నాను. కుడి చేత్తో.

మాధురి ఇంకా ఇక్కడే ఉంది. శౌరయ్య సమాధి నాడు గోడ అవతల నిలబడి ఉంది, లోపలికి రాలేదు. ఇప్పుడు పెద్దలంతా కలిసి ఆమెను మార్చమని పైఆఫీసుకు అర్జీ పెట్టాలనుకుంటున్నారు. ఈ ఊరి ఆడవాళ్లలో హైస్కూలు చదివింది నేను, చేతిరాత బాగుంటుంది. నిన్న తెల్లకాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లారు. "పటంలో ఉన్నది, పుస్తకంలో ఉన్నది నువ్వే వివరంగా రాయి సంతోషమ్మా, మేం సంతకాలు పెడతాం" అన్నారు. ఆమె వెళ్లిపోతే ఆ విరుగుడు సూదులు కూడా వెళ్లిపోతాయి. పత్తి ఇంకా చేలోనే ఉంది. మిరపకు కూడా మందు కొట్టడం మొదలైంది.

ఆ కాగితాల మీదే నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

పటంలో సింహం ఉందని రాశాను కదా. మా ఆయన చెప్పేవాడు, దాని కాల్లో ముల్లు దిగితే జెరోము గారు తీశారని, అప్పటి నుంచి అది ఆయన బల్ల కింద నుంచి కదల్లేదని. ఏ చేత్తో తీశావని సింహం అడగలేదు. నేను ముప్పై ఏళ్లు ఆ పటం దుమ్ము దులిపి, ఆ ఒక్క సంగతి చూడలేకపోయాను.

ఇప్పుడు నాలుగున్నర. అయిదుకు ఆడవాళ్లు వస్తారు. నవంబరు పోయినవాళ్ల కోసం ప్రార్థించే నెల కనుక ఇన్నాసమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది. పటం గోడ మీద నుంచి దించి ముందే పీఠం దగ్గర పెట్టి వచ్చాను. అద్దం చేతి సంచిలో ఉంది, నోటుపుస్తకం ఉంది, వెనక ముద్ర ఉన్న నీ కవరు ఉంది. మొదట పటం సంగతి చెబుతాను. తర్వాత గొర్ర సంగతి. తర్వాత అయిదు సాయంత్రాల సంగతి. ఆ తర్వాత వాళ్లు నన్నేం చేస్తారో తెలియదు. ఇన్నాసమ్మ ముఖం నేను చూడగలనో లేదో తెలియదు.

నా సంగతి నాకు తెలుసు. నీకు రాసేస్తే చెప్పేసినట్టే ఉంటుంది, గుండె సగం తేలికపడుతుంది, ఇంక అక్కడ నోరు పెగలదు. అందుకని కవరు అంటించి, స్టాంపు అతికించి, బల్ల మీద పెట్టి వెళుతున్నాను. చెప్పి బయటికి వచ్చాకే పోస్టు డబ్బాలో వేస్తాను. చెప్పకపోతే వేయను, పొయ్యిలో పెడతాను. కనుక ఈ కాగితాలు నీ చేతికి అందాయంటే, నేను చెప్పానని.

వీటిని నీ దగ్గర దాచు నసీం. అన్నయ్యకు కూడా చదివి వినిపించకు. ఎవరికీ చూపించకు. చూడాల్సినవాళ్లు ఈపాటికి నా నోటితోనే విని ఉంటారు. ఎప్పుడైనా నేను, అంతా దేవుని చిత్తం అని నీకు రాస్తే, అప్పుడు తీసి నాకొక్కదానికే తిప్పి పంపు.

మా ఇంటి పక్కనే కదా, గుడి మెట్ల మీద చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. వెళుతున్నాను.

సంతోషకుమారి